కామందు వచ్చింది

పోయిన ఏడాది సెమిస్టర్ జవాబు పత్రాలు దిద్దుతూ ఒకచోట ఆగిపోయాను. ఎం.ఏ. తెలుగు విద్యార్థిని రాసిన పేపరు. కాకతీయ యుగపు చారిత్రక నేపథ్యం గురించి అడిగిన ప్రశ్నకి జవాబు. రుద్రమదేవి ఆడపిల్ల అన్న సంగతి లోకానికి తెలియకుండా మగపిల్లవాడిగా పెంచారని, ఆ రహస్యం బయటపడ్డాక ఆమె రాజ్యం వదిలి వెళ్లాల్సి వచ్చిందని, చివరికి ప్రజలే ఆమెని వెనక్కి పిలుచుకున్నారని రాసింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. అనుమానమన్నది లేకుండా రాసింది. నేను పక్కన ఎర్ర సిరాతో "ఇది సినిమా, చరిత్ర కాదు" అని రాసి రెండు మార్కులు తీసేశాను.

పేపర్లు చేతికిచ్చిన మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. మార్కుల కోసం వచ్చిందేమో అనుకున్నాను.

"మార్కులు వద్దు మేడం. ఒక్క మాట అడగాలి" అంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా ఇంట్లో సంబంధం చూశారట. కుర్రాడు మేనమామ కొడుకే. ఆ రాత్రి టీవీలో 'రుద్రమదేవి' సినిమా వస్తోందట. ఆమె మగ వేషం తీసేసి అందరి ముందూ ఆడదానిగా నిలబడ్డ సీను చూసి పొద్దున్నే నాన్న దగ్గరికి వెళ్లి నాకు పెళ్లి వద్దు, చదువుకుంటానని చెప్పిందట. అంతకు ముందు నాన్న ఎదురుగా కూర్చుని మాట్లాడిన పిల్ల కూడా కాదు.

"అదంతా అబద్ధమైతే మేడం, నేను అబద్ధం మీద నిలబడి చెప్పానా?"

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. పీహెచ్‌డీ చేసి, సాహిత్యానికీ చరిత్రకీ మధ్య సంబంధాల గురించి సెమినార్లలో పేపర్లు చదివి, ముప్పై అయిదేళ్ల వయసొచ్చిన నేను "తర్వాత మాట్లాడుకుందాం అమ్మా" అని పంపించేశాను. ఆ తర్వాత మాట్లాడాల్సిందే ఈ వ్యాసం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. 2015 అక్టోబరు 9న గుణశేఖర్ తీసిన ఆ సినిమా విడుదలైనప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. విజయవాడలో మా స్నేహితురాళ్లం నలుగురం త్రీడీ కళ్లజోళ్లు పెట్టుకుని చూశాం. అనుష్క ఏనుగు ముందు నిలబడ్డప్పుడు ఈల వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. కళ్లజోడు కింద కళ్లు తుడుచుకున్నాను కూడా. తెలుగు సినిమా ఒక స్త్రీని కథకి కేంద్రంగా పెట్టి అంత డబ్బు ఖర్చు చేయడం ఎన్నిసార్లు చూశాం మనం? ఇంటికొచ్చాక గదా పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి కాకతీయుల చరిత్ర తీసి చూసుకుని, ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అని లెక్కలు వేసుకున్నది. చదువుకున్న వాళ్లం ముందు ఏడ్చి తర్వాత లెక్కలు వేసుకుంటాం. ఆ పిల్ల దగ్గర లెక్కల పుస్తకం లేదు, అంతే తేడా.

ఇక లెక్కల్లోకి వద్దాం. మనం విజయవాడలో ఉన్నాం కాబట్టి ఓరుగల్లు దాకా పోనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజి దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని పోతే మందడం, వెలగపూడి, మల్కాపురం వస్తాయి. మల్కాపురంలో ఒక పెద్ద రాతి స్తంభం ఉంది. దాని మీద శాసనం 1261 మార్చి నాటిది. జయంతి రామయ్య పంతులు గారు దాన్ని 1930 ప్రాంతంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించారు. రుద్రమ చరిత్రకి ఉన్న ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి. ఓరుగల్లు కోటలో ఉండాల్సిన సాక్ష్యం మన కృష్ణ ఒడ్డున, చేల మధ్య నిలబడి ఉండటం నాకెప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

ఆ శాసనం చెప్పేది ఇదీ. గణపతిదేవుడు తన దీక్షాగురువు, గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందరం అనే ఊరిని ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటని చెల్లించింది ఆయన కూతురు రుద్రమ. మందరంతో పాటు వెలంగపూడినీ, కృష్ణలోని లంక భూములనీ కలిపి ఇచ్చింది. ఇవాళ్టి మందడం, వెలగపూడి అవే. ఆ రాబడితో గురువు అక్కడ గుడి, మఠం, వేదాలూ తర్కమూ సాహిత్యమూ చెప్పే విద్యాలయం, అన్నసత్రం పెట్టాడు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా ఎప్పుడైనా అన్నం పెట్టాలని ఏర్పాటు. వీటితో పాటు ఒక ఆరోగ్యశాల. ఒక ప్రసూతిశాల.

ప్రసూతిశాల అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1261లో, కృష్ణ ఒడ్డున, ఆడవాళ్ల పురుడు కోసం ఊరి రాబడిలో ఒక వాటా! రెండున్నర గంటల సినిమాలో కత్తికి ఎన్ని నిమిషాలు, ఏనుగుకి ఎన్ని నిమిషాలు దక్కాయో నాకు గుర్తుంది. పురిటి మంచం మాత్రం గుర్తు లేదు.

సరే, అసలు ప్రశ్న రహస్యం గురించి కదా. రుద్రమ చాలా శాసనాల్లో "రుద్రదేవ మహారాజు". మగ పేరు, మగ బిరుదు. సినిమాకీ సీరియళ్లకీ, అంతకు ముందు నవలలకీ ఊతం ఇచ్చింది ఇదే. మగ పేరు పెట్టుకుంది కాబట్టి మగవాడిగా నటించి ఉంటుంది, నటించింది కాబట్టి ఎవరికీ తెలిసి ఉండదు అని ఊహ మీద ఊహ పేర్చారు. కానీ మల్కాపురం శాసనం ఆమె గణపతి కూతురని బాహాటంగా చెబుతోంది. 13వ శతాబ్దం చివర మన తీరానికి వచ్చిన మార్కో పోలో, మోటుపల్లి రేవుని "ముత్ఫిలి" అంటూ రాసిన చోట, ఈ దేశాన్ని ఒక స్త్రీ ఎంతో వివేకంతో ఏలుతోందని చెప్పాడు. ఆమెని రాజు కూతురనక రాజు భార్య అనుకోవడం అతని పొరపాటు. ఆ పొరపాటు కూడా తమాషాగానే ఉంటుంది. సింహాసనం మీద ఆడది కనబడితే ఎవరో మగవాడి విధవ అయి ఉంటుందనే ఊహ ముందుగా వస్తుంది, వెనిసు వాడికైనా. ఏమైతేనేం, రేవులో సరుకు దింపుకునే పరదేశీయుడికి తెలిసిన సంగతి ఓరుగల్లు ప్రజలకి తెలియదంటే ఎలా నమ్మడం?

మరి మగ పేరు ఎందుకు? సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు దీని గురించి రాశారు. రాజు అనేది ఒక పదవి, ఆ పదవికి ఉన్న భాష మగ భాష, దాన్ని ఆమె తీసుకుంది. మనవడు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో రాసిన విద్యానాథుడి అలంకార గ్రంథం కూడా తండ్రి ఆమెకి కొడుకు హోదా, రుద్రుడనే పేరు ఇచ్చాడనే చెబుతుంది. ఇవన్నీ నేను చదివాను. చదివి అర్థమైంది అనుకున్నాను. నిజంగా అర్థమైంది మాత్రం మా అమ్మమ్మ వల్ల.

మా అమ్మమ్మది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాతయ్య పోయాడు. మావయ్యకి అప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగెకరాల మాగాణి అమ్మమ్మ చేతిలో పడింది. శిస్తు రసీదు తాతయ్య పేరు మీదే వచ్చేది. సొసైటీలో అప్పూ ఆయన పేరు మీదే నడిచేది. ఎరువుల కొట్లో పద్దు కూడా. చనిపోయిన మనిషి పదిహేనేళ్ల పాటు కాగితాల మీద వ్యవసాయం చేశాడు. బోదెకి నీళ్లు రాకపోతే లస్కరుతో పోట్లాడేది అమ్మమ్మ. ఊడ్పులకి కూలీల్ని మాట్లాడుకునేది, దాళ్వా వేయాలా వద్దా తేల్చేది, కుప్ప నూర్పిళ్లప్పుడు రాత్రంతా కళ్లంలో కాపలా పడుకునేది అమ్మమ్మే. నేను చిన్నప్పుడు సెలవులకి వెళితే గట్టు మీద ఆమె రావడం చూసి చేలో వాళ్లు ఒకరితో ఒకరు అనుకోవడం వినేదాన్ని. "కామందు వస్తోంది రోయ్, కానీండి కానీండి."

కామందు మగ మాట. మా వైపు భూమి గల ఆసామిని అంటారు. వస్తోంది అన్నది ఆడ క్రియ. ఆ రెండూ పక్కపక్కనే పెట్టి పలకడానికి చేలో ఉన్న ఎవరికీ నోరు తడబడలేదు. అమ్మమ్మ పంచె కట్టుకుని మోసం చేస్తోందని ఎవరూ అనుకోలేదు. అధికారానికి ఉన్న మాట అదొక్కటే, దాన్ని ఆమెకి వాడారు. రుద్రదేవ మహారాజు అన్న పేరుని కూడా ఆ రోజుల్లో అలాగే పలికి ఉంటారని నా నమ్మకం. నమ్మకమనే అంటున్నాను. నిరూపణ అనను.

మగ మాట వాడక తప్పకపోవడంలో అన్యాయం లేదా అంటే ఉంది. ఆడదానికి సొంతంగా ఒక మాట లేకపోవడమే అన్యాయం. అమ్మమ్మ చనిపోయే నాటికి కూడా ఆ పొలం ఆమె పేరు మీదకి రాలేదు, తాతయ్య నుంచి నేరుగా మావయ్యకి వెళ్లింది. కానీ ఆ అన్యాయం ఒకటి, సినిమా చెప్పే అన్యాయం ఇంకొకటి. శాసనాల రుద్రమ అందరికీ తెలిసిన ఆడది, మగ పదవిలో కూర్చుంది. సినిమా రుద్రమ ఎవరికీ తెలియకూడని ఆడది. మొదటి కథలో సిగ్గుపడాల్సింది పదవి. రెండో కథలో సిగ్గుపడాల్సింది ఆమె ఒళ్లు. దాచాల్సింది, బయటపడాల్సింది, బయటపడ్డాక క్షమాపణ చెప్పుకోవాల్సింది ఆ ఒళ్లే అవుతుంది. నాకు అభ్యంతరం అక్కడ.

కథ చెప్పేవాళ్లకి రహస్యం ఎందుకు కావాలో తెలుసు. 2021లో స్టార్ మాలో రుద్రమదేవి పేరుతో సీరియల్ కూడా వచ్చింది. రోజూ అరగంట సాగాల్సిన కథకి రహస్యం తిండి లాంటిది. తలుపు చాటున ఎవరో వింటారు, తలపాగా జారబోతుంది, సంగీతం మోగుతుంది, మిగతాది రేపు. ఊరి రాబడిని ఏ ఏ వాటాలుగా పంచాలన్న దాంట్లో "మిగతాది రేపు" ఏముంటుంది? ఆ సంగతి నాకూ అర్థమవుతుంది. అందుకే సీరియల్ రాసేవాళ్ల మీద నాకు కోపం రాదు. వాళ్ల కల్పన ఎప్పుడూ ఒకే వైపు ఒరగడం మీద వస్తుంది.

గోన గన్నారెడ్డి సంగతే చూడండి. చరిత్రలో అతను వర్ధమానపురం ఏలిన గోన వంశీయుడు, రుద్రమ కింద పనిచేసిన సామంతుడు. అడివి బాపిరాజు గారి నవల అతన్ని పైకి గజదొంగలా, లోపల రాణి భక్తుడిలా తీర్చింది. అందమైన నవల, నేను మళ్లీ మళ్లీ చదివాను. అయినా రాణి కథకి ఆ మగవాడి పేరే పెట్టారన్నది నేను బి.ఏ.లో చదివినప్పుడు తట్టలేదు. సినిమాలో ఆ పాత్ర అల్లు అర్జున్ చేతికి వచ్చేసరికి ఈలలన్నీ అటు మళ్లాయి. రుద్రమకి న్యాయం జరగాలంటే బయట ఒక మగవాడు పూనుకోవాలి.

అదే రుద్రమ తోబుట్టువు గణపాంబ ఉంది. ధరణికోట కోట బేతరాజు భార్య, అతను పోయాక ఆ సీమని తానే ఏలింది, యనమదల శాసనం వేయించింది. అమరావతి పక్కనే. ఆమె మీద సినిమా లేదు, సీరియల్ లేదు. మగ పేరు లేదు, మారువేషం లేదు, కథేముంది! పల్నాటి నాగమ్మకి మాత్రం సినిమాలు దక్కాయి, 1947లో కన్నాంబ, 1966లో భానుమతి. కాకపోతే మంత్రాంగం తెలిసిన ఆ ఆడదాన్ని పల్నాడు నాశనానికి కారణమైన జిత్తులమారిగా నిలబెట్టాక. కోడిపందెం ఆడి రాజ్యాలు పోగొట్టుకున్న మగవాళ్లు మాత్రం వీరులయ్యారు.

ఇది మన తెలుగు వాళ్ల జబ్బేనేమో అనుకునేదాన్ని. ఆ విద్యార్థినే నా కళ్లు తెరిపించింది. హాస్టల్లో ఈ మధ్య చైనా అంతఃపుర సీరియళ్లు ఫోన్లలో తెగ చూస్తున్నారట. "మన కోడళ్ల సీరియళ్లే మేడం, కాకపోతే అందరూ పట్టుబట్టలు కట్టుకుంటారు, విషం బదులు చాలా మర్యాదగా టీ ఇచ్చుకుంటారు" అంది. ఆ మాటకి నవ్వి, వూ జెతియన్ గురించి చదవడం మొదలుపెట్టాను. చైనా చరిత్ర మొత్తం మీద చక్రవర్తి పదవిలో కూర్చున్న ఒకే ఒక్క స్త్రీ. 690లో సొంత వంశం స్థాపించి, 705 దాకా ఏలింది. ఆమె కూడా మగ చక్రవర్తుల బిరుదునే తీసుకుంది. తన పేరు కోసం కొత్త అక్షరం ఒకటి వాడుకలోకి తెచ్చింది. ఆకాశం మీద సూర్యుడూ చంద్రుడూ ఉన్న అక్షరం. ఆమె మీద 2014 డిసెంబరులో ఒక భారీ సీరియల్ మొదలై, కొద్ది రోజులకే ఆగిపోయింది. తిరిగి మొదలయ్యేసరికి ఆడవాళ్ల గొంతు కింద భాగం కనబడకుండా దృశ్యాలన్నీ కత్తిరించి, ముఖాలు మాత్రమే మిగిల్చారు. పదిహేనేళ్లు సామ్రాజ్యం నడిపిన స్త్రీ గురించి పదమూడు వందల ఏళ్ల తర్వాత జరిగిన పెద్ద చర్చ రవికె లోతు గురించి.

అయితే అక్కడ ఇంకో సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది. పట్టమహిషి మీద నింద వేయడానికి వూ జెతియన్ తన పసికందునే నొక్కి చంపిందని ఒక కథ ఉంది. సీరియళ్లకి అది విందు. కానీ అది సీరియల్ వాళ్లు పుట్టించింది కాదు. ఆమె పోయిన కొన్ని వందల ఏళ్లకి పండితులు రాసిన అధికారిక చరిత్రల్లోనే ఉంది. ఆడది ఏలితే లోకం తలకిందులవుతుందని నమ్మిన మగ పండితులు రాసినవి. అంటే "ఇది సీరియల్, అది చరిత్ర" అని గీత గీసి నేను ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఉంది చూశారూ, అది అంత నిలబడేది కాదు. ఆ గీతకి రెండు పక్కలా కల్పన ఉంది. ఒక పక్క కల్పనకి పాటలుంటాయి, రెండో పక్క కల్పనకి పాదసూచికలుంటాయి.

అలాంటప్పుడు నేను తలకెత్తుకున్న మల్కాపురం శాసనం మాత్రం రుద్రమ గొంతా? కాదు. ఆమె మాట అందులో ఒక్కటీ లేదు. అది గురువు గొప్పతనాన్ని, ఆయన కట్టించినవాటిని చెప్పుకునే సంస్కృత శాసనం. ఊరిని దానం చేయడమంటే ఆ ఊరి చేలు దున్నేవాళ్ల చెమటలో రాజు వాటాని ఇంకొకరికి రాసివ్వడం. వాళ్లని ఎవరైనా అడిగారా? గుడిలో ఆడడానికీ పాడడానికీ నియమించిన స్త్రీలకి భూమి వాటాలిచ్చారు. అది హక్కా, కట్టుబానిసత్వమా? ప్రసూతిశాలలో పురుడు పోసిన మంత్రసానులు ఎవరు, ఏ కులం వాళ్లు? వేదం చెప్పే అయ్యవార్ల లెక్క రాసిన రాయి మంత్రసాని గురించి నోరు విప్పదు. అక్కడికి ఏ ఆడవాళ్లు వచ్చి ఉంటారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపి ఉంటారు? సినిమా రుద్రమని కత్తి పట్టిన దేవతని చేసిందని తప్పు పట్టి, నేను ఆమెని ప్రసూతిశాల దేవతని చేస్తున్నానేమో! మన మనసుకి నచ్చిన కల్పన మనకి కల్పనలా కనబడదు.

భండారు అచ్చమాంబ గారు గుర్తొస్తారు ఇక్కడ. మన పెనుగంచిప్రోలులో పుట్టిన మనిషి. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. ఆడవాళ్లు బలహీనులు, అవివేకులు అన్నవాళ్ల నోరు మూయించడానికి దేశమంతటి స్త్రీల చరిత్రలు వెతికి, పోగుచేసి రాశారు. స్కూలు ముఖం చూడకుండా తనంతట తాను చదువుకుని! ఆమె చేసిన దానిలో పదో వంతు నేను చేయలేదు. కానీ పుస్తకం పేరులోని "సత్" దగ్గర ఎప్పుడూ నా మనసు గుచ్చుకుంటుంది. ఆడది చరిత్రలోకి రావాలంటే మంచిదై ఉండాలి. సాక్షిగా పనికొచ్చేదై ఉండాలి. అచ్చమాంబ గారి కాలంలో అది గెలవాల్సిన వాదం, దానికి ఆ సాక్షులు కావాలి. నూట ఇరవై ఏళ్ల తర్వాత నేనూ నా విద్యార్థినీ ఇంకా సాక్షుల్నే వెతుక్కుంటున్నాం. ఆమెకి నాన్న ముందు నిలబడడానికి ఒక రుద్రమ కావాలి. నాకు సెమినార్లో నిలబడడానికి ఇంకో రుద్రమ కావాలి. మా ఇద్దరికీ అక్కర్లేని రుద్రమ ఎవరైనా ఉందా, ఉంటే ఆమెకి మేం ఏమైనా బాకీ ఉన్నామా అన్నది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న.

చనిపోయిన వాళ్లకి మనం బాకీ ఉండం అనేవాళ్లున్నారు. బతికున్న ఆడపిల్ల పెళ్లి ఆగడం ముఖ్యమా, ఏడు వందల ఏళ్ల కిందట పోయిన రాణి గురించి నిజం చెప్పడం ముఖ్యమా అని మా స్నేహితురాలు ఒకామె సూటిగా అడిగింది. పెళ్లి ఆగడమే ముఖ్యం, సందేహం లేదు. కానీ ఆ సీను ఆ పిల్లకి ఎందుకంత తగిలిందో కూడా ఆలోచించాలి కదా. ఇంట్లో ఒకలా, హాస్టల్లో ఒకలా, ఫోన్లో ఒకలా బతకాల్సిన వయసు ఆమెది. ఆమెకి మారువేషం తెలుసు. పొద్దున లేస్తే చేసేది అదే. ఆ సినిమా 13వ శతాబ్దపు ఓరుగల్లు గురించి చెప్పింది తప్పే గానీ, మన కాలపు ఆడపిల్లల గురించి చెప్పింది తప్పు కాదు. అందుకే ఎర్ర సిరా నాకు అంత చిన్నతనంగా తోచింది. అయితే ఆ పిల్ల మాటలో ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు నాన్న ఒప్పుకోకపోయుంటే? సినిమాలో చివరికి అందరూ ఒప్పుకుంటారు కాబట్టి తనకీ అలాగే జరుగుతుందనుకుంది. ఒప్పుకోని సామంతులతో ముప్పై ఏళ్లు వేగిన స్త్రీ కథ ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ ముప్పై ఏళ్ల చివర ఏమైందో చెప్పే రాయి నల్గొండ జిల్లా చందుపట్లలో ఉంది. 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించాడు. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో ఉంది. యుద్ధం అన్న మాట రాయి మీద లేదు. సేనానితో పాటే పోయింది కాబట్టి, ఆ రోజుల్లో కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు నడుస్తోంది కాబట్టి, యుద్ధంలోనే పోయి ఉంటుందని చరిత్రకారులు అనుకుంటున్నారు. అప్పటికి ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు రాజ్యం చేతికి తీసుకునే ఈడు వాడు. అంటే ఆమె అమ్మమ్మ. మోకాళ్ల నొప్పులు మొదలైన వయసులో సైన్యం వెంట వెళ్లిన అమ్మమ్మ. తెర మీద అనుష్క ముఖంలో ఒక్క ముడత లేకుండానే కథ ముగుస్తుంది. మగవాడైతే గడ్డం నెరిసినా రాజుగానే ఉంటాడు, కృష్ణంరాజు గారిని చూశాం కదా ఆ సినిమాలోనే. ముసలి రాణికి తెర మీద చోటు లేదు. మా అమ్మమ్మని కళ్లంలో చూసినదాన్ని కాబట్టి నాకా శిబిరం ఊహకి అందుతుంది. ఇదీ కల్పనే. కానీ ఈ కల్పన ఆమెని చిన్నదాన్ని చేయదని అనుకుంటున్నాను.

సెలవుల్లో ఒక ఆదివారం ఆ అమ్మాయిని వెంటపెట్టుకుని మల్కాపురం వెళ్లాను. దారంతా పెద్ద పెద్ద రోడ్లు, మధ్యలో సగం లేచిన భవనాలు, తుమ్మలు పెరిగిన ఖాళీ చేలు. సినిమా విడుదలైన పదమూడు రోజులకే, 2015 అక్టోబరు 22న, ఇక్కడికి దగ్గరే ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. రుద్రమ దానమిచ్చిన వెలగపూడిలోనే సచివాలయం కట్టారు. మళ్లీ ఒకసారి ఊళ్లకి ఊళ్లు చేతులు మారాయి. ముప్పై మూడు వేల ఎకరాలకి పైగా. 2019 డిసెంబరు నుంచి ఈ ఊళ్ల ఆడవాళ్లు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చోవడం మనం చూశాం. ఇవ్వడానికి సెంటు భూమి లేక, కూలి మాత్రమే పోయిన ఆడవాళ్లు అంతగా కనబడలేదు.

స్తంభం దగ్గర ఎండ మండిపోతోంది. ఆ అమ్మాయి చెప్పులు విడిచి దాని చుట్టూ తిరిగింది. నాకు తెలిసినంతలో అక్షరాలు చూపించాను. గురువు, గణపతి, అతని కూతురు. ప్రసూతిశాల గురించి చెప్పాను. రాయి చెప్పనివేమిటో అవీ చెప్పాను. సినిమా గురించి నేనేమీ అనలేదు, ఆమే అడగలేదు. చాలాసేపటికి "అది ఎక్కడుండేది మేడం, ఆ పురుళ్ల ఇల్లు?" అంది. నేను చుట్టూ చూశాను. ఎటు చూపించను?

అటుగా గేదెని తోలుకొస్తున్న ముసలామె ఒకామె మా మాటలు విని ఆగింది. పురుళ్ల ఇల్లేవిటమ్మా అంది. చెప్పాం. పైటతో ముఖం తుడుచుకుని నవ్వింది. "మా రోజుల్లో ఇక్కడ ఏముంది! నొప్పులొస్తే పడవెక్కించి కృష్ణ దాటించి బెజవాడ తీసుకుపోయేవాళ్లు. నా పెద్దది పడవలోనే పుట్టింది. సగం ఏట్లో. పక్కనున్న ఆడమనిషే బొడ్డు కోసింది, ఎవరో కూడా తెలవదు. లంకలో కూరగాయలమ్మే మనిషంట."

ఆ అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. "ఏ సంవత్సరం మామ్మా? మీ పేరేంటి?" అని అడిగింది.

"పేరుకేముందిలే, ముందు ఆ ఎండలోంచి ఇటు రండి" అంటూ ఆమె గేదెని చెట్టుకి కట్టేసి, మాకు కూర్చోవడానికి నీడలో చోటు చూపించింది.